క్రీస్తు శ్రమల సినిమా చూస్తే అంత ఏడుపు ఎందుకు వస్తుంది?

నటనే అని తెలిసినా ఏడుపు వస్తుంది, ఎందుకంటే ఎదుటివాళ్ల నొప్పి కంటపడగానే ఆలోచనకంటే ముందే మన ఒళ్లు స్పందిస్తుంది. గుండె దడదడలాడుతుంది, చేతులు బిగుసుకుంటాయి. పైగా అక్కడ దెబ్బలు తింటున్నది ముక్కూమొహం తెలియని పాత్ర కాదు, చిన్నప్పటి నుంచి ప్రార్థించిన దేవుడు. 2004లో వచ్చిన ‘ద ప్యాషన్ ఆఫ్ ద క్రైస్ట్’లో కొరడా దెబ్బల ఘట్టమే చూడండి. కొరడా కొనలు చర్మాన్ని పట్టి లాగుతుంటాయి, సైనికుడు దెబ్బలు లెక్కపెడుతూనే ఉంటాడు. కళ్లు మూసుకున్నా ఆ చప్పుడు ఆగదు.

ఏడిస్తేనే భక్తి ఉన్నట్టు అనుకోవడం మాత్రం పొరపాటు. కొందరు మొద్దుబారిపోతారు, కొందరికి కడుపులో తిప్పుతుంది. రక్తం చూడలేక మధ్యలో లేచి వెళ్లినవాళ్ల విశ్వాసానికి వచ్చిన లోటేమీ లేదు.