కొళాయి దగ్గర తిట్టు

తమ్ముడూ,

కథ అందింది, రెండుసార్లు చదివాను. నీ ఫ్రెండ్ చదివి "బౌడ్లరైజ్ చేసేశావురా" అన్నాడని, అది తిట్టో పొగడ్తో తెలియక టెన్షన్ పడ్డానని రాశావు. తిట్టే.

సినిమా సాగుతోందని అరగంట లేపేస్తే ఎడిటింగ్. అదే మర్యాద పోతుందని మాటలు కోసేస్తే బౌడ్లరైజ్. ఎగతాళిగానే వాడతారు, నేను చేశానని గొప్పగా చెప్పుకునేవాడు ఉండడు.

థామస్ బౌడ్లర్ అని ఇంగ్లండులో ఓ డాక్టరు. ఇంట్లో ఆడవాళ్ల ముందు, పిల్లల ముందు పైకి చదువుకోవడానికి వీలుగా షేక్‌స్పియర్ నాటకాల్లో "తగని" మాటలన్నీ తీసేసి 1818లో పది సంపుటాలు వేశాడు. 'మేక్‌బెత్' నాటకంలో రాజు హత్యలో పాలుపంచుకున్న లేడీ మేక్‌బెత్, నిద్రలో చేతికి నెత్తుటి మరక ఉందనుకుని రుద్దుకుంటూ శాపనార్థం పెట్టే ఆ పాడు మరక, ఈయన చేతిలో ఉత్త ఎర్ర మరక అయిపోయింది. అసలు 1807లో ఈ పని మొదలెట్టింది ఆయన అక్క హెన్రియెట్టా. పెళ్లికాని ఆడమనిషికి ఆ మాటల అర్థాలు తెలుసంటేనే అప్పట్లో పరువు తక్కువ కదా, అందుకని పుస్తకం మీద ఆవిడ పేరే లేదు! ఆయన 1825లో పోయాడు, 1836 కల్లా పేరు క్రియాపదమైపోయింది.

మనకేం తక్కువ? పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం 'రాధికా సాంత్వనము'ను 1887లో కొన్ని పద్యాలు ఎగరగొట్టి అచ్చేస్తే, గాయని బెంగుళూరు నాగరత్నమ్మ పట్టుబట్టి 1910లో మొత్తం వేయించింది. అప్పటి బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది, అది వేరే గొడవ.

నా మొదటి కథలో ముసలమ్మ "నీ పాడె గట్ట" అంటే, అచ్చులో "ఓరి దుష్టుడా" అని వచ్చింది. మా అమ్మ చదివి, ఈవిడెవర్రా, నాటకాల్లో వేషం కడుతుందా అంది. నాకు ఆ పని చేసింది పత్రికవాళ్లు. నీకు నువ్వే చేసుకున్నావు. కొళాయి దగ్గర బిందె తన్నేస్తే ఆ మనిషి "కోపంగా ఏదో అంది" అని రాశావు. ఏమంది? "నీ నోట్లో మన్ను పడ" అని ఉంటుంది, నువ్వు విన్నావు కూడా, నాకు తెలుసు.

రెండో పేజీలో కుర్రాడి నోట వరసగా నాలుగు బూతులున్నాయి చూడు, అవి మాత్రం తీసెయ్. నాలుగూ ఒకటే, వాడు ఎలాంటివాడో వాటిలో ఒక్కటీ చెప్పడం లేదు. అది బౌడ్లరైజ్ కిందకి రాదులే.

కొళాయి సీను మళ్లీ రాసి పంపు. బిందె సొట్ట సంగతి ముట్టుకోకు, బాగుంది.

అన్నయ్య