‘లో హజార్డ్’ అంటే గట్టి కట్ట అని కాదు

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఒక పల్లె ప్రాంతంలో ఇల్లు కొనాలని చూస్తున్నాడు. దానికి రెండు మైళ్ల ఎగువన ఒక రైతుకు చెందిన పాత సాగునీటి మట్టికట్ట ఉంది. ప్రభుత్వ రికార్డులో దాన్ని ‘లో హజార్డ్’ అని రాశారు కాబట్టి భయం లేదని ఏజెంటు అంటున్నాడట. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయినప్పుడు దిగువ ఊళ్లు ఏమయ్యాయో కళ్లారా చూసినవాణ్ని. ఆ మాట నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, రాజంపేట

జవాబు: ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఇల్లు కొనవద్దని చెప్పండి. అక్కడ డ్యాములకు ఇచ్చే లో, సిగ్నిఫికెంట్, హై అనే మూడు తరగతులు కట్ట ఎంత గట్టిగా ఉందో చెప్పవు. అది తెగితే దిగువన ఏం పోతుందో మాత్రమే చెబుతాయి. ప్రాణాలు పోతాయనుకుంటే హై, ప్రాణాలకు కాక ఆస్తులకూ రోడ్లకూ నష్టమనుకుంటే సిగ్నిఫికెంట్, నష్టం చాలావరకు యజమాని పొలంతోనే ఆగుతుందనుకుంటే లో. కాబట్టి శిథిలమైన కట్ట కూడా ‘లో’ కావచ్చు. పైగా తరగతి నిర్ణయించిన నాడు దిగువన బీడు మాత్రమే ఉండి, తర్వాత ఇళ్లు వెలిసినా, ఎవరైనా మళ్లీ పరిశీలించేదాకా కాగితం మీద పాత మాటే ఉంటుంది. మీ అబ్బాయి కొనబోయే ఇల్లే ఆ తరగతిని మార్చవలసిన కారణం కావచ్చు.

హవాయిలోని కవాయి దీవిలో కా లోకో అనే ప్రైవేటు చెరువు ఉంది. చెరకు తోటల కోసం 1890లో కట్టిన ఆ మట్టికట్ట కూడా రికార్డుల్లో ‘లో హజార్డే’. వారాల తరబడి కురిసిన వానలకు 2006 మార్చి 14న తెల్లవారకముందే దానికి గండి పడి, సుమారు 40 కోట్ల గ్యాలన్ల నీరు దిగువకు దూకింది. నిద్రలో ఉన్నవారితో సహా ఏడుగురు చనిపోయారు. అలుగును పూడ్చివేసినట్టు ఆధారాలున్నాయనీ, మిగులు నీరు పోయే దారి లేక కట్ట మీదుగానే పొర్లి ఉంటుందనీ మరుసటి ఏడాది స్వతంత్ర దర్యాప్తు తేల్చింది. అంతవరకూ ప్రభుత్వ అధికారులు ఆ కట్టను తనిఖీ చేయనే లేదు. అలుగు లేని మట్టికట్ట ఏమవుతుందో చెరువుల కింద పుట్టి పెరిగిన మనకు ఎవరూ చెప్పనక్కరలేదు, కానీ ఆ తెల్లవారుజామున పోయిన ప్రాణాలను తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

అందువల్ల మీ అబ్బాయి తరగతిని వదిలి కట్ట స్థితిని అడగాలి. ఆ రాష్ట్రంలో డ్యాముల భద్రత చూసే కార్యాలయానికి రాసి, చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు, ఏ లోపాలు రాశారు, యజమాని వాటిని సరిచేశాడా, తెగితే నీరు ఎంతవరకు వస్తుందో పటం గీశారా అని తెలుసుకోవాలి.

యజమాని అనుమతిస్తే, పెద్ద వాన తర్వాత కట్ట దిగువ అంచు వెంట ఒకసారి నడవాలి. అక్కడ ఊట కనిపిస్తే నీటిని గాజు గ్లాసులో పట్టి చూడాలి: తేటగా ఉంటే రాసిపెట్టుకుని గమనిస్తూ ఉండవచ్చు, బురదగా ఉంటే నీరు కట్ట లోపలి మట్టిని తవ్వుకుని వస్తోందని అర్థం, ఆ రోజే అధికారులకు ఫోన్ చేయాలి. కట్ట మీద పెద్ద చెట్లున్నా, ఎలుకలూ కుందేళ్లూ బొరియలు చేసినా, తూములో తుప్పుపట్టిన పాత ఇనుప గొట్టం ఉన్నా లోపల నీటికి దారి దొరుకుతుంది.

ఇల్లు కొనడం ఖాయమైతే వరద బీమా విడిగా తీసుకోవాలి. అక్కడి మామూలు ఇంటి బీమా వరద నష్టాన్ని భరించదు, ప్రభుత్వ వరద బీమా సాధారణంగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది.