డ్యూటీ రూమ్ ఉత్తరాలు: చెప్పులు విప్పించి చూశారా?

*మేడమ్, మాది మదనపల్లె. బెంగళూరులో ఎమ్మెస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మధుమేహం ఉన్నవారికి పాదాల సంరక్షణ గురించి పాఠం చెప్పి, దాని ప్రభావం కొలవమని మా గైడ్ అంశం ఇచ్చారు. ముందొక పరీక్ష, తర్వాత పాఠం, వారం రోజులకు మళ్లీ అదే పరీక్ష. అరవై మంది చాలన్నారు. వచ్చిన తేడాను లెక్కలోకి తీసుకోవచ్చో లేదో చూసే పీ విలువ 0.05 కంటే తక్కువ రాకపోతే వైవాలో ఏమంటారోనని భయంగా ఉంది.*
— విద్యార్థిని, బెంగళూరు

భయపడకమ్మా, వస్తుంది. 0.001 కంటే తక్కువే వస్తుంది. ముప్పై ప్రశ్నలిచ్చి, జవాబులు చెప్పి, వారానికి అవే ముప్పై ప్రశ్నలు మళ్లీ ఇస్తే ఎవరికైనా మార్కులు పెరుగుతాయి. పెరగకపోతేనే ఆశ్చర్యపోవాలి. వైవా తీసుకోవడానికి నేను వెళ్లిన కాలేజీలన్నిటిలోనూ ఇదే తంతు. జబ్బు పేరు మారుతుంది, ఊరు మారుతుంది, చివరి పట్టిక మాత్రం మారదు. ఆ థీసిస్‌ల మొదటి పేజీలో దీపం పట్టుకున్న నైటింగేల్ బొమ్మ ఒకటి! ఆవిడ క్రిమియా యుద్ధంలో చనిపోయిన సైనికుల లెక్కలను నెలల వారీగా, కారణాల వారీగా విడగొట్టి, గాయాలకంటే నివారించగలిగిన జబ్బులే ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నాయని 1858లో రంగుల పటం గీసి చూపించింది. సైనికులకు పరిశుభ్రత మీద ఎన్ని మార్కులొచ్చాయో ఆవిడ కొలవలేదు.

నీ అంశం మీద ఇప్పటికే ఏం తేలిందో ముందు చూడు. పాదాల గురించి రోగులకు బోధించడం మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ జల్లెడ పట్టిన కాక్రేన్ సమీక్ష ఒకటి 2014లో వచ్చింది. బోధిస్తే కొంతకాలం పరిజ్ఞానం పెరుగుతుందని, తాము పాటిస్తున్నామని రోగులు చెబుతారని అందులో ఉంది. పుండ్లు గానీ, కాళ్లు తీసేయడం గానీ దానివల్ల తగ్గుతాయనడానికి గట్టి ఆధారం దొరకలేదని కూడా ఉంది. అంటే, నువ్వు కొలవబోయేది తెలిసిన సంగతి. తెలియనిది దాని అవతల ఉంది.

కాబట్టి పేపరు పక్కన పెట్టి ఓపీకి వెళ్లు. ఎదురుగా కూర్చున్నాయన చేత చెప్పులు విప్పించు. వేళ్ల సందుల్లో తడి ఉందా? గోళ్లు అడ్డంగా కత్తిరించాడా, మూలల్లోకి తవ్వాడా? మడమ పగుళ్లలో మట్టి ఉందా? చెప్పు లోపల చెయ్యి పెట్టి చూడు, మేకు మొన తగులుతుందేమో. పది గ్రాముల మోనోఫిలమెంటు, అంటే స్పర్శ పరీక్షించే నైలాన్ పోగు, పాదానికి ఆనించి, అది వంగేదాకా నొక్కితే స్పర్శ తెలుస్తోందో లేదో ఆయనే చెబుతాడు. ‘రోజూ పాదాలు చూసుకుంటున్నారా?’ అని అడిగితే నీ మీద గౌరవం కొద్దీ అందరూ ‘చూసుకుంటున్నామమ్మా’ అంటారు. పాదం అలా మొహమాటపడదు. ఇవన్నీ ఒక చెక్‌లిస్టుగా రాసి, నువ్వూ నీ స్నేహితురాలూ ఒకే పాదాన్ని విడివిడిగా చూసి, ఇద్దరి గుర్తులూ కలుస్తున్నాయో లేదో ముందే పరీక్షించుకోండి. కలవకపోతే చెక్‌లిస్టుదే తప్పు.

పోల్చడానికి రెండో గుంపు తప్పనిసరి. మూసిన కవర్లలో చీట్లు పెట్టి, ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో చీటీనే తేల్చనివ్వు, నీ మనసును కాదు. రెండో గుంపుకు ఓపీలో మామూలుగా చెప్పే మాటలే చెబుతారు. అధ్యయనం అయ్యాక వాళ్లకూ నీ పాఠం చెప్పు, అది న్యాయం. తర్వాతి విజిట్‌లో పాదాలు చూసే మనిషికి ఎవరిది ఏ గుంపో తెలియకూడదు. ఇలా చేస్తే అది ట్రయల్ అవుతుంది. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, మొదటి రోగిని చేర్చుకోకముందే మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీ అయిన సీటీఆర్‌ఐలో నమోదు చేయించాలి. అందుకు డబ్బులేమీ కట్టనక్కర్లేదు.

అరవై మంది చాలన్నది ఎక్కడి లెక్క? సీనియర్ల థీసిస్‌లోంచి వచ్చిన లెక్కైతే అది లెక్క కాదు. ఎంత మార్పు వస్తే రోగికి మేలో ముందు నిర్ణయించుకుని, దాన్నిబట్టి ఎంతమంది కావాలో గణాంక నిపుణుల దగ్గర కూర్చుని తేల్చుకో. ఇప్పుడే వెళ్లు, డేటా అంతా మోసుకుని చివర్లో కాదు. 1938లో కలకత్తాలో జరిగిన భారత గణాంక మహాసభలో గణాంక శాస్త్రవేత్త ఆర్. ఎ. ఫిషర్ చెప్పిందీ అదే: ప్రయోగం ముగిశాక గణాంక నిపుణుణ్ని పిలవడమంటే శవపరీక్షకు పిలవడమే, అది దేనివల్ల చచ్చిందో చెప్పగలడు, అంతే.

ఇక నువ్వు రాయని సంగతి ఒకటి. బెంగళూరు సినాప్సిస్‌లలో, అంటే థీసిస్‌కు ముందు ఇచ్చే ప్రణాళికల్లో, ‘కన్నడం గానీ ఇంగ్లీషు గానీ చదవగలిగినవారు’ అని ఒక అర్హత వాక్యం తరచూ కనిపిస్తుంది. దాంతో ఎవరు బయటికి పోతున్నారో చూడు. హిందూపురం, మడకశిర వైపు నుంచి వచ్చి కట్టడాల దగ్గర వట్టి కాళ్లతో ఇసుక మోసే మనవాళ్లు. తమిళం మాట్లాడే పూలమ్మి. ఉర్దూ మాట్లాడే మెకానిక్. పాదానికి పుండు పడే అవకాశం ఎవరికి ఎక్కువో వాళ్లనే తీసేసి పాదాల మీద థీసిస్ రాయడమేమిటి! నీకు తెలుగు వచ్చు, కన్నడం వచ్చు. బొమ్మలతో పాఠం చెప్పు, ప్రశ్నలు నోటితో అడుగు. చదవడం రానివారి దగ్గర అంగీకారానికి వేలిముద్ర తీసుకునేటప్పుడు, నీ అధ్యయనంతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లో ఉంది. అది పాటిస్తే చాలు, ఎవరినీ వదిలేయనక్కర్లేదు.

పీ విలువ మాటకొస్తే, రెండు గుంపులకూ నిజంగా తేడా లేకపోయినా కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా, లేదా ఇంతకంటే ఎక్కువ తేడా కనిపించే అవకాశం ఎంత అని మాత్రమే అది చెబుతుంది. రోగికి మేలు జరిగిందా అన్నది వేరే ప్రశ్న. ‘తేడా రాలేదు’ అని నిజాయతీగా రాసిన థీసిస్‌ను నా చేతుల మీదుగా ఫెయిల్ చేయలేదు. వైవాలో ఎవరైనా గద్దిస్తే కింది జవాబు చదివి వినిపించు.

*మేడమ్, నేను చెన్నైలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును, ఊరు నెల్లూరు. మా దగ్గర 72 గంటలకు క్యాన్యులా (సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో ఉంచే గొట్టం) మార్చి తీరాలి. బాగా పనిచేస్తున్నదాన్ని పీకి, నరాలు దొరకని ముసలివాళ్లను మళ్లీ గుచ్చడం బాధగా ఉంది. అవసరమైతేనే మార్చవచ్చని చదివాను. ఇన్‌ఛార్జి సిస్టర్‌కు చెబితే ‘ఫోనులో చదివినవి ఇక్కడ వద్దు’ అన్నారు.*
— స్టాఫ్ నర్సు, చెన్నై

మీరు చదివింది నిజమే. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌లోని మూడు ఆసుపత్రుల్లో 3,283 మంది పెద్దవారితో చేసిన ట్రయల్ 2012లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఒక గుంపుకు మూడో రోజున మార్చారు, రెండో గుంపుకు అవసరం కనిపించినప్పుడే మార్చారు. ఫ్లెబైటిస్, అంటే నరం వాపు, రెండింటిలోనూ 7 శాతమే. ‘తేడా లేదు’ అన్న ఆ ఫలితం ఎన్ని సూదిపోట్లు తప్పించగలదో ఊహించండి. అయితే అరవై మందిలో తేడా కనబడకపోవడం వేరు, మూడు వేలమందిలో కనబడకపోవడం వేరు.

కానీ మీ ఇన్‌ఛార్జి సిస్టర్ భయం కూడా ఊరికే పుట్టింది కాదు. జెనీవా విశ్వవిద్యాలయ ఆసుపత్రుల్లో ఇలాగే రోజుల లెక్కన మార్చడం మానేస్తే రక్తంలో ఇన్ఫెక్షన్లు పెరిగాయి, పాత పద్ధతికి తిరిగొచ్చాక తగ్గాయి. అది 2021లో ప్రచురితమైంది. అక్కడ చీట్లు తీసి గుంపులు చేయలేదు, ముందుకూ తర్వాతకూ పోల్చారు. కాబట్టి ట్రయల్ అంత బలం దానికి లేదు. కానీ అది చూసినవి నాలుగు లక్షలకు పైగా క్యాన్యులాలు. రక్తంలో ఇన్ఫెక్షన్ చాలా అరుదు. మూడు వేలమంది ఉన్న ట్రయల్‌కు ఫ్లెబైటిస్ దొరుకుతుంది గానీ అంత అరుదైనది దొరకదు. అందుకే రెండూ నిజం కావచ్చు. ఏదైనా అధ్యయనం చదివినప్పుడు ఎంతమందిని చూశారన్నదాంతో పాటు దేన్ని లెక్కపెట్టారన్నది కూడా చూడాలి.

మీ వార్డు సంగతి చూడండి. క్యాన్యులా మీద తెల్ల ప్లాస్టర్ అడ్డదిడ్డంగా చుట్టేసి, దాని మీద బాల్‌పెన్నుతో తేదీ రాసి ఉంటుంది. మే నెల చెమటకు ఆ అంకెలు అలికిపోయి, అంచులు లేచిపోతాయి. సూది దిగిన చోటు ఎవరికీ కనిపించదు. కనిపించనిదాన్ని ‘అవసరమైతే మారుస్తాం’ అంటే ఎలా? ముందు పారదర్శకమైన డ్రెస్సింగ్ అడగండి. ప్రతి షిఫ్టు అప్పగింతలో వీఐపీ స్కోరు (ఫ్లెబైటిస్‌ను కంటితో చూసి వేసే అంకె) రాయండి: ఏమీ లేకపోతే సున్నా, తీవ్రమైతే ఐదు. నొప్పి, ఎరుపు, వాపులో ఏవైనా రెండు కనబడితే స్కోరు రెండు. అప్పుడు గంటల లెక్క చూడకుండా తీసేయాలి. వాడకంలో లేని క్యాన్యులా ‘ఉంటే ఉందిలే’ అని వదిలేయకూడదు.

నెల రోజుల చార్టు చేతిలో పెట్టుకుని, ఇన్‌ఛార్జి సిస్టర్‌ను వెంటబెట్టుకునే ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీకి వెళ్లండి. ప్రొటోకాల్ మారేదాకా 72 గంటలే పాటించండి. మీ షిఫ్టులో మీరొక్కరే మార్చడం మానేస్తే అది ఆధారాల మీద నడిచే వైద్యం కాదు, పంతం. నరాలు దొరకని ముసలాయన విషయంలో డాక్టరుతో మాట్లాడి, మినహాయింపును కేస్ షీటులో రాయించుకోవచ్చు.

*మా అమ్మ పక్షవాతంతో మంచంలో ఉంది. ఇంటికి వచ్చే ఆయమ్మ రోజూ నడుముకు స్పిరిట్, పౌడరు పెట్టి గట్టిగా రుద్దుతుంది. మెడికల్ షాపులో గాలి రింగు కూడా కొనమంటోంది. కొనమంటారా?*
— పాఠకుడు, చెన్నై

కొనకండి. రింగు మీద కూర్చోబెడితే దాని అంచు దగ్గర ఒత్తిడి పెరిగి, మధ్యలో రక్తప్రసారం తగ్గుతుంది. రుద్దడమూ ఆపించండి. ఎర్రబడిన చోట రుద్దితే లోపలి కణజాలం దెబ్బతింటుంది. స్పిరిట్ చర్మాన్ని ఎండగడుతుంది. ఆయమ్మను తప్పుపట్టకండి, ఒకప్పుడు నర్సింగ్ స్కూళ్లలో మేం నేర్పిందే ఆమె దాకా వచ్చింది.

పక్కకు తిప్పడమే అసలు పని. రెండు గంటలకోసారి అన్నది పాత లెక్క. మంచి ఫోమ్ పరుపుల మీద ఉన్న వృద్ధుల్లో రెండు, మూడు, నాలుగు గంటల తేడాతో తిప్పి చూసిన అధ్యయనం 2013లో వచ్చింది. పుండ్లలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మీ ఇంట్లో ఉన్నది దూది పరుపైతే మాత్రం ఆ ధైర్యం వద్దు, రెండు గంటలే పాటించండి. పూర్తిగా పక్కకు కాకుండా, వీపు వెనక దిండు పెట్టి కొంచెం వాలుగా పడుకోబెట్టండి. పిక్కల కింద మరో దిండు పెడితే మడమలు పరుపుకు తగలవు.

రోజూ స్నానం చేయించేటప్పుడు నడుము కింద, తుంటి ఎముకల దగ్గర, మడమల దగ్గర చూడండి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎరుపెక్కాలి. అలా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు సరిగా తెలియదు, అందుకని ఆ చోటు చుట్టుపక్కలకంటే వెచ్చగా గానీ, గట్టిగా గానీ ఉందేమో చేత్తో తాకి చూడండి. ఉంటే ఆ వైపు పడుకోబెట్టడం మానేసి డాక్టరుకు చూపించండి. చర్మం లేచినా, నీరు కారుతున్నా, వాసన వచ్చినా మర్నాటి దాకా ఆగవద్దు.