రాత్రి పూట కంపెనీల వాసన: పీసీబీకి ఫిర్యాదు చేస్తే పని జరుగుతుందా?

మీ ప్రశ్న ఇది: కాలనీకి కాస్త దూరంలో ఫార్మా, కెమికల్ కంపెనీలు ఉన్నాయి, రాత్రి పదకొండు దాటితే ఘాటు వాసన వస్తోంది, పాపకి దగ్గు తగ్గడం లేదు, బోరు నీళ్ళు పసుపు రంగుకి తిరిగాయి. కాలుష్య నియంత్రణ మండలికి (పీసీబీకి) ఫిర్యాదు చేస్తే ఏమైనా ఉపయోగం ఉంటుందా, చేసినవాళ్ళు చెప్పండి అన్నారు.

ఉంటుందండి. కానీ "వాసన వస్తోంది, చర్య తీసుకోండి" అని రెండు లైన్లు రాసి పంపితే ఏమీ జరగదు. మేమూ హైదరాబాద్ శివారులో ఇలాంటి చోటే ఉంటున్నాం. కాలనీవాళ్ళం కలిసి కొన్నేళ్ళుగా దీని కోసం తిరుగుతున్నాం. ఏ కంపెనీ, ఏ ఆఫీసు అన్నది ఇక్కడ అనవసరం. ఇంత తిరిగాక నాకు అర్థమైంది ఒక్కటే: పీసీబీ దేన్ని కొలిస్తే అదే ఉల్లంఘన అవుతుంది. కొలవనిది ఎంత విషమైనా కాగితం మీద లేనట్టే. అందుకే మీరు ఏం అడిగినా, సరైనదాన్ని, సరైన వేళకి, చట్టం ఒప్పుకునే పద్ధతిలో కొలిపించేలా అడగాలి.

ఈ మాట ఎందుకంటున్నానో హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరు చూస్తే తెలుస్తుంది. 1970ల్లో అక్కడ పారిశ్రామిక వాడ వచ్చింది. తర్వాత బొల్లారం, కాజిపల్లి వైపు కూడా కంపెనీలు పెరిగాయి. వ్యర్థ జలాలు వాగుల్లోకి, చెరువుల్లోకి, నక్కవాగు మీదుగా మంజీరలోకి వెళ్ళాయి. వాగు నీళ్ళతో వరి పండించుకునే ఊళ్ళలో పొలాలు పడావు పడ్డాయి, బోర్లు చెడిపోయాయి. 1990లో కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. పటాన్‌చెరులో ప్రాక్టీస్ చేసే డాక్టర్ కిషన్‌రావు గారిలాంటివాళ్ళు ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరిగారు. కంపెనీల నీళ్ళన్నీ ఒకచోట శుద్ధి చేయడానికి ఉమ్మడి ప్లాంటు కూడా పెట్టారు. అక్కడ పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం), సీఓడీ (నీటిలోని కాలుష్యాన్ని విరగ్గొట్టడానికి పట్టే ఆక్సిజన్), టీడీఎస్ (కరిగి ఉన్న లవణాలు) లాంటివి కొలిచేవాళ్ళు. అవి పరిమితి దాటాయా లేదా అన్నదాని మీదే ఏళ్ళ తరబడి వాదనలు నడిచాయి.

2007లో వెలువడిన అధ్యయనంలో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఆ ప్లాంటు నుంచి బయటికి వెళ్ళే నీటిలో వేరే ప్రశ్న వేసుకుని చూసింది: ఇందులో మందులు ఎంత ఉన్నాయి? సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. రోజుకి దాదాపు 45 కిలోల సిప్రోఫ్లోక్సాసిన్ ఆ నీటితో బయటికి పోతోందని వాళ్ళ అంచనా. సుమారు 90 కంపెనీల నీళ్ళు ఆ ప్లాంటుకి వచ్చేవి. ఒక్కసారి ఆలోచించండి, అన్నేళ్ళు అధికారులు శాంపిళ్ళు తీశారు, ల్యాబ్‌లు రిపోర్టులు ఇచ్చాయి, కోర్టు కమిటీలు వేసింది. ఆ మందుకి పరిమితి అంటూ లేదు కాబట్టి రొటీన్ పరీక్షల్లో దాన్ని వెతకలేదు.

దాని వల్ల మనకేంటి అని ఎవరైనా అనుకోవచ్చు. నీళ్ళలో, బురదలో యాంటీబయాటిక్ ఎప్పుడూ ఉంటే, దాన్ని తట్టుకునే బ్యాక్టీరియా మాత్రమే మిగిలి పెరుగుతుంది. ఆ తట్టుకునే గుణాన్ని పక్క బ్యాక్టీరియాకి కూడా అందిస్తుంది. రేపు ఎవరికో యూరిన్ ఇన్ఫెక్షన్ వస్తే డాక్టర్ రాసిన మందు పనిచేయదు. ఇది ఫ్యాక్టరీ గోడ దగ్గర ఆగే సమస్య కాదు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఫార్మా వ్యర్థ జలాల్లో యాంటీబయాటిక్‌లకి పరిమితులు ప్రతిపాదిస్తూ ముసాయిదా ఇచ్చింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు అందులో లేవు. నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం ఇది. సమస్య ఉందని తెలిసి, సంఖ్యలు రాసి, చివర్లో తీసేశారు.

వాసన విషయమూ ఇలాంటిదే. మన దేశంలో వాసనకి ప్రత్యేకంగా అంకెల్లో పరిమితి లేదు. 2009 నాటి జాతీయ వాయు నాణ్యతా ప్రమాణాల్లో ఉన్నవి 12 కాలుష్యాలు. అందులో పీఎం 2.5, అమ్మోనియా, బెంజీన్ ఉన్నాయి కానీ ఫార్మా కంపెనీలు వాడే సాల్వెంట్లలో (రసాయనాల్ని కరిగించే ద్రావకాల్లో) చాలావాటికి చోటు లేదు. మీ ఇంటి దగ్గర కళ్ళు మండుతున్నా, ఫోన్ యాప్‌లో ఏక్యూఐ (గాలి నాణ్యత సూచిక) "పర్వాలేదు" అని చూపించొచ్చు. దాన్ని చూసి మీదే భ్రమ అనుకోకండి. అది ఆ వాయువుల్ని చూడదు.

ఇక పని. ముందు ఆ కంపెనీకి పీసీబీ ఇచ్చిన సీఎఫ్‌ఓ, అంటే నడపడానికి ఇచ్చిన అనుమతి ఆర్డర్ సంపాదించండి. ఏ ఉత్పత్తులు, రోజుకి ఎంత, ఎంత నీరు వాడాలి, వ్యర్థ జలాలు ఎక్కడికి పంపాలి, ఏ రియాక్టర్‌కి ఏ స్క్రబ్బర్ (బయటికి వదిలే వాయువుల్ని కడిగి శుభ్రం చేసే పరికరం) పెట్టాలి, అన్నీ అందులో షరతులుగా ఉంటాయి. కొన్ని ఆర్డర్లు పీసీబీ వెబ్‌సైట్లోనే దొరుకుతాయి. దొరక్కపోతే ఆర్టీఐ వేయండి. ఇంకో దారి కూడా ఉంది, చాలామందికి తెలియదు: 1974 నీటి చట్టం 25వ సెక్షన్ ప్రకారం ఈ షరతుల రిజిస్టర్ పీసీబీ దగ్గర ఉండాలి, ఆ కాలుష్యం వల్ల ఇబ్బంది పడుతున్న ఎవరైనా వెళ్ళి చూడొచ్చు. ఆ సెక్షన్ నంబర్ వేసి అర్జీ పెడితే మాట్లాడే తీరే మారుతుంది.

మా సంగతి చెప్తాను. మొదటి ఫిర్యాదుకి ఒక ఇంజనీర్ మధ్యాహ్నం వచ్చారు. ఎండ కాస్తోంది, గాలి వీస్తోంది, ఏ వాసనా లేదు. "తనిఖీ సమయంలో దుర్వాసన గమనించలేదు" అని రాసి ఫిర్యాదు మూసేశారు. ఆయన అబద్ధం రాయలేదు. ఆ వేళకి నిజంగానే లేదు. ఆ తర్వాత మా వీధిలో ఉండే రిటైర్డ్ సైన్సు మాస్టారు ఒక పుస్తకం పెట్టించారు. వాసన వచ్చిన ప్రతిసారీ ఎవరికి వాళ్ళు తేదీ, టైము, గాలి ఏ వైపు నుంచి, వాసన ఎలా ఉంది, ఎంతసేపు ఉంది అని రాయాలి. "భరించలేకపోతున్నాం" లాంటి మాటలు వద్దన్నారు. కుళ్ళిన కోడిగుడ్డు, నెయిల్ పాలిష్, కాలిన ప్లాస్టిక్, ఇలా రాయమన్నారు. మూడు నాలుగు నెలలకి ఒక పద్ధతి కనిపించింది. ఎక్కువగా అర్ధరాత్రి తర్వాత, ఒకే దిక్కు గాలి ఉన్నప్పుడు, చలికాలంలో మరీ ఎక్కువ. చలి రాత్రుల్లో నేల చల్లబడి పైన వెచ్చటి గాలి మూతలా ఉండిపోతుంది, వదిలింది వదిలినట్టు కిందే తిరుగుతుంది. అలాంటి వేళల్లో తక్కువ వదిలినా మన ముక్కుకి తగులుతుంది. రాత్రి పూట ఎవరూ చూడరని వదిలేవాళ్ళు ఉంటే చెప్పక్కర్లేదు.

రెండో ఫిర్యాదుకి ఆ పుస్తకం నకలు, కంపెనీ సీఎఫ్‌ఓలోని స్క్రబ్బర్ షరతు నంబరు జతచేశాం. "ఫలానా గంటల మధ్య తనిఖీ చేయండి, ఆ స్క్రబ్బర్ పంపు నడుస్తోందా, దాని కరెంటు మీటర్ రీడింగ్, కెమికల్ వాడకం రిజిస్టర్ చూడండి" అని రాశాం. ఈసారి రాత్రి టీమ్ వచ్చింది. స్క్రబ్బర్ ఉంది, నడవడం లేదు. కంపెనీని విచారణకి పిలిచి గడువుతో ఆదేశాలు ఇచ్చారు. వాసన పూర్తిగా పోయిందా అంటే పోలేదు. బాగా తగ్గింది, అప్పుడప్పుడు మళ్ళీ వస్తుంది, మళ్ళీ రాస్తాం. ఇది ఒక్కసారితో తీరే పని కాదండి.

మీ అంతట మీరు సీసాలో పట్టిన నీళ్ళు కోర్టులో సాక్ష్యంగా నిలబడటం కష్టం. నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం పీసీబీ అధికారే కంపెనీకి నోటీసిచ్చి, శాంపిల్ తీసి, వాళ్ళ ఎదుటే రెండు భాగాలు చేసి సీలు వేయాలి. అందుకని వాగులోకి రంగు నీళ్ళు వదిలినప్పుడు ఫొటో, వీడియో తీసి వెంటనే ఫోన్ చేసి, అధికారిక శాంపిల్ తీయమని రాతపూర్వకంగా అడగండి. పెద్ద వాన పడిన రాత్రులు జాగ్రత్తగా ఉండండి, వాన నీటిలో కలిపి వదిలేది ఎక్కువగా అప్పుడే. ఫార్మా సహా 17 రకాల ఎక్కువ కాలుష్య పరిశ్రమలు కాలుష్యాన్ని ఎప్పటికప్పుడు కొలిచి పంపే ఆన్‌లైన్ మీటర్లు పెట్టాలని 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆదేశించింది. ఫలానా రాత్రి ఆ మీటర్ డేటా ఇవ్వమని ఆర్టీఐలో అడగొచ్చు. సరిగ్గా మీ పుస్తకంలో ఉన్న వేళల్లోనే మీటర్ "రిపేర్‌లో" ఉంటే అది కూడా ఒక సమాచారమే.

పీసీబీ మీద నా అభిప్రాయం కూడా చెప్తాను. అనుమతిచ్చేదీ, తప్పు పట్టాల్సిందీ ఒకే సంస్థ. ఆదాయంలో పెద్ద భాగం ఆ అనుమతుల ఫీజులే. చాలా రాష్ట్రాల్లో పోస్టులు ఖాళీ, ఒక ఇంజనీర్ చేతిలో వందల యూనిట్లు. కష్టపడి పనిచేసే అధికారులు నాకు తెలుసు, వాళ్ళకి కావలసింది మన దగ్గర నుంచి పక్కా కాగితం. కానీ ఈ ఏర్పాటే లోపభూయిష్ఠం. విశాఖ ఆర్ఆర్ వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ కంపెనీ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే విష రసాయనం లీకై 12 మంది చనిపోయారు. తమకి చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదని ఆ కంపెనీయే 2019లో అఫిడవిట్‌లో రాసి ఇచ్చింది. ప్రమాదానికి ముందే ఆ కాగితం ప్రభుత్వ ఫైల్లో ఉంది. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి నేను కాగితాలు చదవడం మానలేదు.

పాప విషయం వీటన్నిటికన్నా ముఖ్యం. చిన్నపిల్లల డాక్టర్‌కి చూపించి, దగ్గు వాసన వచ్చిన రాత్రుల తర్వాత పెరుగుతోందా అన్నది చెప్పండి. ఓపీ చీటీ మీద ఆ మాట రాయమని అడగండి. వీలైతే కాలనీ పిల్లలు, ముసలివాళ్ళు ప్రభుత్వ పీహెచ్‌సీలో కూడా చూపించుకోవాలి. అక్కడ రిజిస్టర్‌లో కేసులు కనిపిస్తేనే జిల్లా వైద్యాధికారికి లేఖ రాయడానికి ఆధారం ఉంటుంది. తడి గుడ్డ, ఎన్95 మాస్కు దుమ్ముని ఆపుతాయి తప్ప సాల్వెంట్ ఆవిరిని ఆపవు. తలుపులు కిటికీలు మూసి, గాలి వచ్చే వైపుకి దూరంగా ఉన్న గదిలో పడుకోబెట్టండి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చి ఉన్నట్టుండి ఆగిపోతే సంతోషించకండి. అది హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు అయితే, మోతాదు బాగా పెరిగినప్పుడు ముక్కు దాన్ని పట్టే శక్తే కోల్పోతుంది. తలనొప్పి, వాంతులు, కళ్ళు తిరగడం ఉంటే గాలికి అడ్డంగా, పక్క దిక్కుకి వెళ్ళిపోండి, 112కి ఫోన్ చేయండి. ఫిర్యాదు తర్వాత.

నీళ్ళ సంగతి. పసుపు రంగు ఇనుము వల్ల కూడా రావచ్చు, కాబట్టి పరీక్ష చేయించకుండా కంపెనీ మీద వేయకండి. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో) గానీ, ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో గానీ ఇవ్వండి. మామూలు ప్యాకేజీలో టీడీఎస్, కాఠిన్యం, ఫ్లోరైడ్, నైట్రేట్ చూస్తారు. మీరు సీఓడీ, సీసం, ఆర్సెనిక్, క్రోమియం, నికెల్ కూడా పేరు పెట్టి అడగాలి. తాగే నీటి ప్రమాణంలో టీడీఎస్‌కి మంచి పరిమితి లీటరుకి 500 మిల్లీగ్రాములు, వేరే నీళ్ళు దొరకనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. నైట్రేట్ 45 దాటకూడదు. రిపోర్టు వచ్చేదాకా ఆ నీళ్ళు తాగడానికి, వంటకి వాడకండి. మరిగిస్తే క్రిములు చస్తాయి, లోహాలు, లవణాలు పోవు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడతాయి. ఆర్‌ఓ వాటిని చాలావరకు ఆపుతుంది కానీ కొన్ని సాల్వెంట్లు దాటిపోతాయి. మంజీర నీళ్ళో, కృష్ణా నీళ్ళో కనెక్షన్ ఉంటే తాగడానికి అవే పట్టుకోండి.

పీసీబీ కదలకపోతే పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉంది. రెండు తెలుగు రాష్ట్రాలకీ చెన్నై బెంచ్. ఆన్‌లైన్‌లో దాఖలు చేయొచ్చు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు కూడా. నష్టపరిహారం కోరితే ఐదేళ్ళ గడువు ఉంటుంది. మామూలు అర్జీకి మాత్రం సమస్య మొదలైన దగ్గర్నుంచి ఆరు నెలలే, తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు. అందుకే పీసీబీకి ఇచ్చిన ప్రతి అర్జీ మీద తేదీతో ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకోండి. ఇంకొకటి, కాలుష్యానికి నష్టపరిహారం తామే విధించే అధికారం పీసీబీలకి ఉందని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ కాలుష్య నియంత్రణ కమిటీ కేసులో చెప్పింది. "మాకు ఆ పవర్ లేదు, కోర్టుకి వెళ్ళండి" అని ఎవరైనా అంటే ఆ తీర్పు సంగతి మీ అర్జీలో రాసి, జవాబు కూడా రాతలోనే ఇవ్వమని అడగండి.