నిర్ధారణ చేతికి వచ్చాక

ప్రశ్న: మా తొమ్మిదేళ్ల బాబుకు ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం, తొందరపాటు ఉండే సమస్య) ఉందని సైకియాట్రిస్టు చెప్పారు. లోపం మా పెంపకానిదేనా? మందులకు అలవాటు పడతాడేమోనని భయంగా ఉంది.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: లేదమ్మా, ఇది పెంపకం వల్ల వచ్చేది కాదు, వంశపారంపర్య ప్రభావం బలంగా ఉండే, మెదడు ఎదుగుదలకు సంబంధించిన పరిస్థితి. లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై, కనీసం 6 నెలలుగా ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తేనే ఈ నిర్ధారణకు రావాలి కనుక, టీచరు అభిప్రాయం కూడా తీసుకున్నారా అని డాక్టరును నిస్సంకోచంగా అడగండి. దీనితోపాటు ఆందోళనగానీ, చదవడం, రాయడంలో ప్రత్యేక ఇబ్బందిగానీ ఉన్నాయేమో చూడమనండి. చాలాచోట్ల ఆ పరీక్ష జరగకుండానే పిల్లవాడికి బద్ధకస్తుడనే పేరు పడిపోవడం నన్ను బాధిస్తుంది. మిథైల్‌ఫెనిడేట్ వంటి మందును డాక్టరు పర్యవేక్షణలో, చెప్పిన మోతాదులో వాడితే పిల్లలు దానికి బానిసలు కావడం అరుదు; ఆకలి, నిద్ర, ఎత్తు, బరువు, రక్తపోటు మాత్రం గమనిస్తూ ఉండాలి. సందేహాలుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు.