నల్గొండ నుంచి సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు: ధర ఎంత తగ్గించి అడగాలి?

మీ బడ్జెట్ 30 లక్షలని, హైదరాబాద్‌లో 2016 మోడల్ ఆడి టీటీ ఒకటి చూశానని, ఎంత తగ్గించి అడగాలో చెప్పమని రాశారు. బండిని పరీక్ష చేయించకుండా ఎవరు ఏ అంకె చెప్పినా అది ఊహే. నేనూ నల్గొండలోనే ఉంటాను. ఇదే మోడల్, ఇంచుమించు ఇదే వయసు బండి కొన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ కారు 2015లో మన దేశంలో వచ్చినప్పుడు ఎక్స్ షోరూమ్ ధరే 60 లక్షలు దాటింది. ఇప్పుడు సగానికే దొరుకుతుంటే ఆశ పుడుతుంది. అయితే ధర తగ్గింది కారుకి మాత్రమే. స్పేర్ పార్టులు, లేబర్ ఛార్జీలు ఇప్పటికీ 60 లక్షల కారు స్థాయిలోనే ఉంటాయి. అందుకే అమ్మేవాళ్ళు చెప్పే ధరకి మొదటి ఏడాది మీరు పెట్టబోయే ఖర్చు కలిపి చూడండి. బేరం ఆ మొత్తం మీద చేయాలి.

ఆ ఖర్చు తెలియాలంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో డబ్బు కట్టి పూర్తి చెకింగ్ చేయించి, రిపేర్ ఎస్టిమేట్ రాయించుకోండి. పాత సర్వీస్ రికార్డు కూడా చూపించమని అడగండి. నేను మొదట చూసిన ఒక బండి మీటర్ మీద 30 వేల చిల్లర కిలోమీటర్లు ఉంటే, రికార్డులో అంతకు రెండేళ్ళ ముందే 50 వేలు దాటినట్టు ఉంది. అమ్మే మనిషి మాత్రం ఎంతో నమ్మకంగా మాట్లాడాడు. చెకింగ్‌కి పంపడానికి వెనకాడే వాళ్ళ దగ్గర ధర ఎంత తక్కువైనా కొనవద్దు.

నేను చివరికి తీసుకున్న బండికి ఎస్టిమేట్‌లో చాలానే వచ్చాయి. టైర్లు నాలుగూ మార్చాలి: టైరు పక్కన ముద్రించిన నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం, వాటిని చూస్తే టైరు వయసు తెలుస్తుంది. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని అదుపు చేసే భాగం) హౌసింగ్ దగ్గర కూలెంట్ కొద్దిగా కారుతోంది, ఈ ఇంజిన్లలో తరచూ కనిపించే సమస్యే. గేర్‌బాక్స్ ఆయిల్ 60 వేల కిలోమీటర్లకు మార్చాల్సింది, మార్చలేదు. క్వాట్రో (నాలుగు చక్రాలకూ శక్తి అందే రకం) కాబట్టి వెనక చక్రాలకు శక్తి పంపే హాల్డెక్స్ యూనిట్ ఆయిల్ కూడా మార్చాలి. ముందు బ్రేక్ డిస్కులు అరిగాయి. అంతా కలిపి లక్షల్లోకే వెళ్ళింది. ఓనర్ ముందు ఆ కాగితం పెట్టి, కారు నాకు నచ్చింది, ఈ పనులకయ్యే డబ్బు తగ్గిస్తే ఇవాళే తీసుకుంటాను అన్నాను. ఆయన మొత్తం ఒప్పుకోలేదు కానీ చాలావరకు తగ్గించాడు. ఊరికే ‘ఇంకో రెండు లక్షలు తగ్గించండి సార్’ అంటే అంత తగ్గేది కాదు.

చూడటానికి వెళ్ళేటప్పుడు నల్గొండ నుంచి తెల్లవారకముందే బయల్దేరండి. మీరు వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. వేడెక్కిన ఇంజిన్ చాలా శబ్దాలను దాచేస్తుంది. లిఫ్ట్ మీద ఎక్కించి కింది భాగం చూడకుండా మాత్రం రావద్దు. ఇంత కిందికి ఉండే కార్లు మన స్పీడ్ బ్రేకర్లకు ఎలా గీసుకుపోతాయో మీకు తెలిసిందే.

ఢిల్లీ, ముంబై బండ్లు తక్కువకు వస్తాయని చెప్పేవాళ్ళు ఉంటారు. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చి ఇక్కడ రిజిస్టర్ చేయించేటప్పుడు తెలంగాణ లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి. బండి వయసును బట్టి అది కొంత తగ్గుతుంది కానీ లెక్క కొత్త బండి ధర నుంచే మొదలవుతుంది కాబట్టి ఇలాంటి కారుకు లక్షల్లో వస్తుంది. పాండిచ్చేరి నంబర్ బండి అసలే వద్దు. పన్ను తప్పించుకోవడానికి అక్కడ రిజిస్టర్ చేయించిన ఖరీదైన కార్లను మన రవాణా శాఖ అధికారులు పట్టుకున్న సందర్భాలున్నాయి. నా మట్టుకు నేను టీఎస్ లేదా టీజీ నంబరే చూస్తాను, ధర కాస్త ఎక్కువైనా సరే.

‘ఇన్సూరెన్స్‌లో 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంది’ అంటారు. దానికి విలువ కట్టకండి. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే ఆ తగ్గింపు మనిషికి చెందుతుంది, కారుతో పాటు మీకు రాదు. పాత పాలసీ మీద క్లెయిములు ఏమైనా ఉన్నాయా అన్నది మాత్రం తప్పకుండా అడగండి. 2020 అక్టోబర్ వరదల్లో హైదరాబాద్‌లో చాలా కార్లు మునిగాయి, మీ బండి అప్పటికే రోడ్డు మీద ఉంది. సీట్ల కింద కార్పెట్ ఎత్తి, సీటు పట్టాలకు తుప్పు ఉందేమో చూడండి.

డబ్బు సంగతి. మన వైపు భూమి అమ్మిన డబ్బు నగదుగా పట్టుకెళ్ళి ఇచ్చే అలవాటుంది. 2017 ఏప్రిల్ నుంచి రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు, కాబట్టి బ్యాంకు ద్వారానే పంపండి. బయానా చిన్నదిగా ఇచ్చి, చెకింగ్‌లో పెద్ద లోపం బయటపడితే తిరిగి ఇవ్వాలని కాగితం మీద రాయించుకోండి. ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌వోసీ, ఆర్సీలో ఫైనాన్స్ తీసేయించే ఫారం 35 చేతికి వచ్చాకే మిగతా డబ్బు కట్టండి. బండిని మీ పేరుకు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు కూడా అదే రోజు పెట్టించుకోండి.