వలసలో వంట వచ్చిన నాన్నకు ఊళ్లో ఎందుకు రాదు?

మీరు అడిగింది: డిగ్రీ సోషియాలజీలో కుటుంబం, దంపతుల పాత్రలు, బాల్యం గురించి ఉన్నవన్నీ అమెరికా, లండన్ కబుర్లే కదా, మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకు అవి పనికొస్తాయా అని. కొన్ని పనికిరావు. ఒకటి మాత్రం మా ఇంటి అరుగు మీద కూర్చుని రాసినట్టే ఉంటుంది.

మాది పలాస దగ్గర ఉద్దానంలో ఒక ఊరు. నాన్న తాపీమేస్త్రి. ఏడాదిలో ఎనిమిది నెలలు హైదరాబాదులోనే. అమ్మ జీడిపిక్కల పనికి వెళ్లేది. మమ్మల్ని పెంచింది నానమ్మ.

ముందు పనికిరానిది. 1955లో పార్సన్స్ అనే అమెరికన్ చెప్పినదాని సారాంశం: మగవాడు బయటికెళ్లి సంపాదిస్తాడు, ఆడది ఇంట్లో మనుషుల మనసులు చూసుకుంటుంది, అందుకే ఇల్లు సాఫీగా నడుస్తుంది. ఒక్క జీతంతో గడిచే ఇళ్లను చూసి చెప్పిన మాట అది. మా ఇంట్లో నాన్న డబ్బు ఎప్పుడొస్తే అప్పుడే. మధ్యలో కిరాణాకొట్టు బాకీ తీరేది అమ్మ కూలితోనే. పిక్కలు కొట్టినన్నాళ్లూ అమ్మ వేళ్లు నల్లగా ఉండేవి, జీడి తగిలి తోలు ఊడేది. పులుసు తగిలితే మంట అని అన్నం చెంచాతో తినేది. మేం దొరసాని అని ఏడిపించేవాళ్లం, సిగ్గులేకుండా. ఆవిణ్ణి ఎవరైనా ఏం చేస్తావమ్మా అని అడిగితే ఒకటే జవాబు: "నానేటి సేత్తాను, ఇంటికాడే."

ఆ 'ఇంటికాడే'లో ఎంత పని ఉందో 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన కాలవినియోగ సర్వేలో కనిపిస్తుంది. కూలి లేని ఇంటిపని చేసిన ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు. ఆ 97 కూడా ఆ రోజు ఏదో ఒక పని ముట్టుకున్న మగాళ్ల సగటు. అసలు ముట్టుకున్నవాళ్లు నూటికి 26 మందే.

ఇక పనికొచ్చేది. ఎలిజబెత్ బాట్ అనే ఆవిడ లండన్‌లో 20 కుటుంబాలను దగ్గరగా చూసి 1957లో రాసింది. భార్యాభర్తలకు తెలిసినవాళ్లంతా ఒకరికొకరు కూడా తెలిసినవాళ్లయితే ఆ ఇంట్లో మగపని, ఆడపని గట్టిగా విడిపోయి ఉంటాయట. తెలిసినవాళ్లు తలో దిక్కునా ఉంటే ఇద్దరూ పనులు కలిపి చేసుకుంటారట. అంటే లెక్క మొగుడి మంచితనంలో లేదు, చుట్టూ ఉన్న మనుషుల అల్లికలో ఉంది.

ఇది నాకు పదిహేడో ఏట అర్థమైంది, బాట్ పేరు వినకముందే. ఇంటర్ సెలవుల్లో నాన్న దగ్గరికి హైదరాబాదు వెళ్లాను. రేకుల షెడ్డులో పదకొండు మంది, అందరూ మన జిల్లాలవాళ్లే. వంట వంతులవారీగా. నాన్న వంతు రోజున ఎవరూ బయట తినేవాళ్లు కాదు. బియ్యంలో వేలు పెట్టి నీళ్లు కొలిచేవాడు. ఎండు కవ్వళ్ల చేపల్ని ఉత్తి పెనం మీద వేయించి, కమ్మటి వాసన రాగానే తీసి, పులుసు సగం మరిగాక వేసేవాడు. నేను నోరు తెరుచుకుని చూశాను. ఊళ్లో ఇదే మనిషి అరుగు మీద కూర్చుని, నాలుగడుగుల దూరంలో ఉన్న కుండలో నీళ్లకు అమ్మను కేకేసేవాడు.

ఊళ్లో చుట్టూ ఉన్నది ఎవరు? మాకు మేనరికాలు ఎక్కువ. అమ్మకు అత్తగారు సొంత మేనత్తే. ఎదురిల్లు చిన్నాన్నది, పక్కిల్లు మా అత్తది. దక్షిణాదిలో పెళ్లికూతురు కొత్తవాళ్ల ఇంటికి కాక తెలిసినవాళ్ల మధ్యకే వెళ్తుందని ఆంత్రొపాలజిస్టు ఇరావతి కర్వే 1953లోనే రాసింది. నిజమే, మా నానమ్మ అమ్మను కోడలిలా ఏనాడూ చూడలేదు. కానీ ఆ చనువుకు ఖరీదు కూడా ఉంది. ఏ గిన్నె ఎవరు తోమారో సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది.

నా సంగతీ చెప్పాలి. విశాఖలో మా ఫ్లాటులో రోజూ అంట్లు నావే, పాప జడ నాదే. (మా ఆవిడ ఇది చదివితే "రోజూనా?" అంటుంది.) సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు భోజనమయ్యాక అలవాటుగా కంచం తీశాను. అమ్మ లాక్కుంది: "ఏట్రా ఇది, అత్త సూత్తాది." మా ఆవిడ కూడా అమ్మ వైపే. "ఊళ్లో నా పరువు తియ్యకు" అంది. అప్పటినుంచి ఊళ్లో నేనూ అరుగే. సుఖంగానే ఉంటుంది, అబద్ధం ఎందుకు.

బాల్యం గురించి ఫ్రెంచి చరిత్రకారుడు ఆరియెస్ పేరు మీ పాఠంలో ఉండే ఉంటుంది. బాల్యం అనే విడి దశ యూరప్‌లో బడులతో పాటు మెల్లగా రూపుదిద్దుకుందని 1960లో రాశాడు. పాతకాలపు చిత్రపటాలు చూసి అంత మాట అనడం ఎక్కువేనని తర్వాతి చరిత్రకారులు విమర్శించారు. నేనైతే అంతదూరం వెళ్లను, మన విజయనగరం చాలు. గురజాడ కన్యాశుల్కం మొదటి కూర్పు ముందుమాటలో, విజయనగరం మహారాజు తయారు చేయించిన జాబితా ప్రస్తావన ఉంది. అప్పటి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో నమోదైన కన్యాశుల్కపు పెళ్లిళ్లు 1,034. ఆ పెళ్లికూతుళ్లలో ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఏడాది పిల్లకు కూడా ధర పలికింది.

ధర అంటే జెలిజర్ అనే సోషియాలజిస్టు గుర్తొస్తుంది. కూలి తెచ్చే బిడ్డ కాస్తా పైసా తేని, కానీ వెలకట్టలేని బిడ్డగా 1870, 1930ల మధ్య అమెరికాలో ఎలా మారిందో ఆవిడ 1985లో రాసింది. ఆ మార్పు మా ఇంట్లో రెండు తరాల్లోనే జరిగింది. అమ్మ తొమ్మిదేళ్లప్పుడు బడి మానేసి తమ్ముణ్ణి చంకనేసుకుని తిరిగింది. నేను బడి నుంచి వచ్చి అమ్మ తెచ్చిన జీడిపప్పుకు పొట్టు తీసేవాణ్ణి, నోటుపుస్తకాల డబ్బులు అవే. బడి వేళలు కాని సమయంలో ప్రమాదం లేని సొంతవాళ్ల పనిలో సాయం చెయ్యొచ్చని 2016 బాలకార్మిక చట్ట సవరణ కూడా వెసులుబాటు ఇచ్చింది. సాయానికీ పనికీ మధ్య గీత ఎక్కడుందో పొట్టు తీసే పిల్లాడికి తెలియదు. మా పాపకు పదేళ్లు, కింద కొట్టుకు ఒక్కదాన్నే పంపాలంటే నాకు టెన్షన్.

ప్రాజెక్టు రాస్తుంటే మాత్రం ఒక మాట. 'మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారు' అని అడగకండి, అందరూ అమ్మే అంటారు. ఎక్కడున్నప్పుడు, ఎవరు చూస్తుండగా అని అడగండి.

మొన్న అమ్మకు కంటి ఆపరేషన్ అయింది. పది రోజులు పొయ్యి దగ్గరికి వెళ్లొద్దన్నారు. నేను రెండో రోజు వెళ్లేసరికి ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది, లోపలినుంచి కవ్వళ్ల వాసన. నాన్న లుంగీకి చేతులు తుడుచుకుంటూ తలుపు తీశాడు. ఇంతలో పక్కింటి అత్త వచ్చి, "ఏటి కూర, గుమగుమలాడతంది?" అంది.

"కోడలు పంపింది," అన్నాడు నాన్న, నా వైపు చూడకుండా.